మా పేరున వచ్చిన తంతులు

ఆదోనిలో మా నాయనకు రెండు పేర్లుండేవి. ఒకటి తాత పెట్టింది. రెండోది తంతి ఆఫీసులో, అంటే టెలిగ్రాం ఆఫీసులో, ఏటేటా రుసుము కట్టి రాయించుకున్నది. మొదటి పేరు ఎమ్మిగనూరులో మా వీధి దాటితే ఎవరికీ తెలియదు. రెండోది మాత్రం బొంబాయిలో తెలుసు, షోలాపూరులో తెలుసు, హుబ్బళ్ళిలో తెలుసు. ఆ రెండో పేరునే మా దగ్గర నుంచి కాజేశారు. పేరు పోతే పోయింది, దానితో పాటు పోయింది వేరే ఉంది. అది చెప్పడానికే కూర్చున్నాను. కోపం తగ్గాక చెబుదామని ఇన్నేళ్ళు ఆగాను. తగ్గలేదు కాబట్టి ఇక ఆగను.

డెబ్బైల చివరి మాట ఇది. మా ఇల్లు ఎమ్మిగనూరులో, దుకాణం ఆదోనిలో. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మగ్గాల వాళ్ళు నేసిన దుప్పట్లూ చీరలూ నాయన కొని, ఆదోని దుకాణంలో మూటలు కట్టించి రైలుకు వేసేవాడు. మా ఊరికి రైలు లేదు, అందుకే ఆదోని. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేవాడు. నేను ఆదోనిలో కాలేజీలో చేరాక ఇద్దరిదీ ఒకటే బస్సు, ఒకటే సీటు. నాయనతో నేను మాట్లాడిన మాటల్లో సగానికి పైగా ఆ బస్సులోనే మాట్లాడి ఉంటాను.

తంతి పేరు సంగతి కూడా అక్కడే చెప్పాడు. తంతిలో మాటకింత అని తీసుకుంటారు, అడ్రసు కూడా మాటల లెక్కలోకే వస్తుంది. మనిషి పేరు, దుకాణం పేరు, వీధి, ఎదురుగా ఏముందో అన్నీ రాస్తే చెప్పాల్సిన విషయం కన్నా అడ్రసుకే ఎక్కువవుతుంది. అందుకని వ్యాపారస్థులు ఒకే ఒక్క మాటను పేరుగా రాయించుకునేవాళ్ళు. ఆ మాట, పక్కన ఊరు, అంతే. మా మాట అమ్మ పేరులో సగం, నాయన పేరులో సగం కలిపి చేసింది. అమ్మ సగం ముందు వచ్చింది. "బొంబాయోళ్ళు కూడా ముందు నన్నే పిలుస్తారు" అని అమ్మ ఆ ఒక్క విషయంలో గొప్పలు పోయేది.

"మన గుమ్మం యాడుందో బొంబాయోనికి ఎట్ల తెలుస్తాది నాయనా?" అని అడిగాను.

"వానికి తెలీదు. ఆడి ఆఫీసుకూ తెలీదు. ఆదోని అనే మాట చూసి ఆదోనికి తోసేస్తారు, అంతే. ఆ పేరు ఎవురిది, ఏ గుమ్మంలో ఇయ్యల్ల అనేది మన ఆఫీసు ఒక్కదానికే తెలుసు. ఈడ ఆఫీసులో పేరూ గుమ్మమూ రాసిపెట్టిన అట్ట ఉంటాది, దాని మీద ఏముంటే అదే వేదం."

మా ఊళ్ళోనూ తంతి ఆఫీసు ఉంది, మా ఇంటికి దగ్గరే. అక్కడ ఆ పేరు చెబితే ఎవరన్నట్టు చూస్తారు. ఆ పేరు ఆదోనిలో పుట్టింది, ఆదోనిలోనే చెల్లుతుంది.

"మరి ఆ అట్ట మీద ఎవరన్నా గుమ్మం మార్చి రాస్తే?"

"నా సంతకం లేకుండా ఎట్ల మారుస్తారు పాపా?" అని నాయన నవ్వాడు. నేనూ నవ్వాను. సంతకం అంత గట్టి తాళం అనుకునే వయసు నాది. నాయనది ఆ వయసు కాదు, అయినా అనుకున్నాడు.

ఇక అమావాస్య సంగతి చెప్పాలి. మగ్గాల వాళ్ళకు అమావాస్య సెలవు. ఆ రోజు మగ్గం ఆడదు, కొత్త పని పట్టరు, ప్రయాణం పెట్టుకోరు. నాయన దుకాణం తీసేవాడు కాదు. కానీ మన అమావాస్యతో బొంబాయి వాళ్ళకేం పని? ఆ రోజు తంతి వస్తే బంట్రోతు మూసిన తలుపు చూసి వెనక్కి పోవాల్సిందే. అందుకని నాయన ఆ అట్ట మీద ఇంకో వాక్యం కూడా రాయించాడు, అమావాస్య నాడు వచ్చే తంతులు మామ దుకాణంలో ఇవ్వవలెనని. తంతి ఆఫీసులో పంచాంగం పెట్టుకున్నది దేశం మొత్తం మీద ఆదోనిలోనే అయ్యుంటుందని మేం నవ్వుకునేవాళ్ళం.

మామ అంటున్నానే గానీ ఆయన మా చుట్టం కాదు. నాయనకు చిన్ననాటి స్నేహితుడు. వేరుశనగ, పిండి చెక్కల వ్యాపారం, మా దుకాణానికి రెండు సందుల అవతల. ఆయనకు అమావాస్య పట్టింపు లేదు. నాయనను బావా అనేవాడు, అమ్మను అక్కా అనేవాడు. అమ్మకు తోడబుట్టిన మగవాళ్ళు లేరు, అందుకని ఆ పిలుపు ఆమెకు ఎంత ఇష్టమో. ఆయన వస్తే అమ్మ అప్పటికప్పుడు బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసేది. "నీ చేతి ఉగ్గాని తిన్నంక హోటల్ది గడ్డి మాదిరి ఉంటాది అక్కా" అనేవాడు. అమ్మ ఇంకో గరిటె వేసేది. అక్క పెళ్ళిలో మేనమామ చేయాల్సినవన్నీ ఆయనే చేశాడు. పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి పీటల మీదికి ఎత్తుకొచ్చింది ఆయనే. ఆ గంప ఎత్తినందుకు మూడు రోజులు నడుము పట్టేసిందని చెప్పుకుని మురిసిపోయాడు కూడా.

అక్కను షోలాపూరు ఇచ్చాం. అక్కడ మగ్గాల మీదా మిల్లుల్లోనూ బతికే తెలుగు వాళ్ళు వీధులకు వీధులు ఉన్నారు. ఆదోనిలో రైలెక్కితే మారే పని లేకుండా షోలాపూరులో దిగొచ్చు. దూరమని మేం బాధపడలేదు. బండి ఉంది, తంతి ఉంది.

ఆ ఎండాకాలం నాయనకు కామెర్లు వచ్చాయి. మంచం పట్టాడు. దుకాణం మూతపడింది. మామ మా ఊరు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"బావా, నీకు బాగయ్యేదాకా అన్ని పొద్దుల తంతులూ నా కాడికే రానీ. మూసిన తలుపుకు తంతులు వస్తే కొనేటోళ్ళు వేరే చోటు చూసుకుంటారు. నేను చూసి నీకు కబురు చేస్తా" అన్నాడు.

ఆఫీసుకు ఇవ్వాల్సిన కాగితం తనే రాయించి తెచ్చాడు. నాయన కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి, అక్షరాలు అలుక్కుపోతున్నాయన్నాడు. అయినా చదివి వినిపించమని అడగలేదు. పడుకునే సంతకం పెట్టాడు. అమ్మ ఆ రోజు కూడా మామకు ఉగ్గాని పెట్టింది.

నాయన లేచి తిరిగే నాటికి మామే చెప్పాడు, "మళ్ళీ నీ దుకాణానికే మార్పిచ్చినా బావా, నువ్వు ఆ తిప్పలు పడొద్దు" అని. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినాయని సామెత. మా ఇంట్లో ఆ సామెత అందరికీ వచ్చు. ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ తర్వాత మా దుకాణంలో తంతులు తగ్గిపోయాయి. తగ్గడం కాదు, ఆగిపోయాయి. ఒక్క అమావాస్య నాడు వచ్చేవి మాత్రం తప్పకుండా అందేవి. మరునాడు పొద్దున నాయన దుకాణం తలుపు తీసేసరికి మామ ఆ కాగితం పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉండేవాడు. ఎంత నమ్మకమైన మనిషి అనిపించేది. "లక్ష్మి కూడా మనింటికి అమావాస్య నాడే వస్తాంది" అని నేనొకసారి బస్సులో వేళాకోళం చేశాను. నాయన నవ్వలేదు. మిల్లు గుడ్డ వచ్చి మగ్గం గుడ్డను మింగేస్తోందని అప్పట్లో అందరూ అనేవాళ్ళు, నాయన కూడా అదే అన్నాడు. మూటలు దుకాణంలోనే పడి ఉండేవి. మగ్గాల వాళ్ళు ఇంటికి వచ్చి పని అడిగితే అమ్మ మజ్జిగ ఇచ్చి పంపేది.

అక్కకు నెలలు నిండుతున్నాయి. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి, కానీ ప్రయాణం వద్దని అక్కడి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అమ్మే పోవాలి. ముందే పోయి ఉందామంటే అక్క కాపురం ఒంటి గది, దాంట్లోనే అత్తామామలు, మరుదులు. అందుకని అక్క మొగుడు, మా బావ, వచ్చి ఒక మాట చెప్పిపోయాడు. డాక్టరమ్మ ఆస్పత్రిలో చేర్చమన్న రోజే తంతి కొడతాను, ఆ బండికే బయలుదేరండి అని. అంతకు ముందు అమ్మ ఒకసారి షోలాపూరు పోయి చూసి వస్తుంటే అక్క బయటి వరకూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని ఒకే మాట అందట, "నువ్వు రాకుండా నేను కాన్పు గదిలోకి పోనమ్మా" అని. అది విని వచ్చినప్పటి నుంచి అమ్మకు వేరే ధ్యాస లేదు.

తంతి ఎక్కడికి కొట్టాలన్న ప్రశ్న ఎవరికీ రాలేదు. ఎమ్మిగనూరు ఇంటి అడ్రసుకే కొట్టమని చెబితే సరిపోయేది. కానీ సొంతంగా పేరున్న వాళ్ళం, వీధీ గుర్తులూ రాయించుకుంటామా? పెళ్ళికీ చావుకీ అన్నిటికీ మా వాళ్ళు కొట్టేది ఆ పేరుకే. అల్లుడికి కూడా నాయన ఆ మాటే నేర్పించాడు, స్పెల్లింగు సరిగ్గా పలికే దాకా వదల్లేదు.

అమ్మ మూట కట్టి తలుపు పక్కన పెట్టుకుంది. శొంఠి, వాము, బాలింతకు కారప్పొడి, పాత చీరలు చింపి ఉతికి మెత్తగా చేసిన పసిగుడ్డలు. రోజూ సాయంత్రం బస్సు వచ్చే వేళకు గడపలో నిలబడేది. మేం వీధి మలుపు తిరగ్గానే నాయన దూరం నుంచే లేదని తల అడ్డంగా ఊపేవాడు. అమ్మ లోపలికి పోయి పొయ్యి వెలిగించేది. లెక్క ప్రకారం రావాల్సిన రోజులు దాటిపోతున్నా, "తొలికాన్పు గదా, ఆలస్యమవుతాది" అని తనకు తనే చెప్పుకునేది.

ఒక మధ్యాహ్నం మా బావే వచ్చాడు. ఆ రోజు ఆదివారం, నాయనా నేనూ ఇంట్లోనే ఉన్నాం. చెప్పులు విడవకుండా గడప అవతలే నిలబడ్డాడు.

"రెండు తంతులు కొట్టినా" అన్నాడు. "ఒకటి చేర్చిన పొద్దు, ఒకటి ఆ మర్నాడు. అందినాయో లేదో అని మా ఊరి ఆఫీసులో కనుక్కున్నా. రెండూ అందినాయన్నారు. ఎందుకు రాలేదత్తా?"

అమ్మ నాయన వంక చూసింది.

"మగపిల్లోడు. దక్కలేదు" అన్నాడు. "ఆమె బతికింది. అమ్మ వచ్చిందా, అమ్మ వచ్చిందా అని ప్రతి బండికీ అడిగింది. ఇప్పుడు అడగడం మానేసింది."

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మూట విప్పింది. పసిగుడ్డలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. శొంఠి, కారప్పొడి ఉంచుకుని మళ్ళీ ముడి వేసింది. పద నాయనా అని అల్లుడితో అని, తనే ముందు వీధిలోకి దిగింది.

మరునాడు నాయనా నేనూ ఆదోని తంతి ఆఫీసుకు పోయాం. గుమాస్తా మా పేరు వినగానే నొసలు చిట్లించాడు.

"ఆ పేరు ఇప్పుడు మీది కాదు కదప్పా. ఈ ఏడు రుసుము కట్టింది వేరేవాళ్ళు. మీరే సంతకం పెట్టి వాళ్ళకు ఇచ్చినారు" అని మామ దుకాణం పేరు చెప్పాడు.

"అమావాస్య నాడు మాత్రమే వాళ్ళకు" అన్నాడు నాయన, ఇంకా నమ్మలేక.

"ఆ మాట కొట్టేసినాం. అన్ని పొద్దులూ ఒకటే గుమ్మమైనంక ఇంక అమావాస్యతో పనేముంది?"

ఆ మనిషి తప్పేమీ లేదు. అట్ట మీద ఏముంటే అదే చెప్పాడు. నాకు మాత్రం ఆ పంచాంగం తీసి వీధిలోకి విసిరేయాలనిపించింది.

అక్కడి నుంచి మామ దుకాణానికి నడిచాం. నాయనను చూడగానే ఆయనకు అర్థమైంది. కూర్చున్న పరుపు మూల ఎత్తి రెండు తంతులు తీసి ముందు పెట్టాడు. పారేయలేదు, చింపలేదు. అన్ని రోజులూ వాటి మీదే కూర్చుని వ్యాపారం చేశాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

"మొదట ఒకటి రెండు మూటలు నేనే కొని పంపినా బావా, కొనేటోళ్ళు జారిపోతారని. నీకు ఇద్దామనే అనుకున్నా. తర్వాత ఎట్ల చెప్పల్లో తెలీలేదు" అన్నాడు.

నాయన తంతుల వంక చూస్తూ, "పేరు కావల్లంటే అడిగింటే ఇచ్చింటి గదప్పా" అన్నాడు. తిట్టు కాదు అది. నిజంగానే ఇచ్చేవాడు.

నేను ఊరుకోలేకపోయాను. "వ్యాపారం తంతులు దాచుకున్నావు, సరే. ఇది మా అక్కది. నువ్వు గంపలో ఎత్తుకొచ్చిన పిల్లది. చదివినావు గదా మామా? చదివి ఎట్ల కూర్చున్నావు?" అని అడిగాను. దుకాణంలో హమాలీలు పని ఆపి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అప్పుడు ఆ మాట అన్నాడు.

"ఆ పొద్దు అమావాస్య అయ్యింటే, దేవుని తోడు, ఆ నిమిషమే బస్సెక్కి నేనే తెచ్చి ఇచ్చింటి పాపా. ఉత్త పొద్దు వచ్చింది. ఉత్త పొద్దు తంతి నీ కాడికి ఎందుకు వచ్చిందని మీ నాయన అడిగితే ఏం చెప్పల్ల?"

ఇంకో దారి వెతుకుతూ ఉండిపోయాడట. షోలాపూరు నుంచి వచ్చినవాళ్ళెవరో చెప్పారని కబురు పంపుదామనుకున్నాడట. అంతలో రెండోది వచ్చింది, అంతలో ఆలస్యమైంది, ఇక ఇప్పుడు చెప్పి లాభమేమని ఊరుకున్నాడట. ఆయన అబద్ధం చెప్పలేదు. అమావాస్య నాటి తంతిని ఆయన ఏనాడూ ఆపలేదు. ఆ ఒక్క రోజు మాట నిలబెట్టుకున్నందుకు తనను తాను మంచివాణ్ణనే అనుకున్నాడు. కంచే చేను మేసిందంటారు. మేసిన కంచెకు కూడా తాను కంచెనే అనే నమ్మకం ఉంటుందని నాకు ఆ రోజు తెలిసింది. ఆయన ఏడుపు చూసి నాకు జాలి కలగలేదు. ఇప్పుడూ కలగదు.

నాయన ఆ రెండు కాగితాలు జేబులో పెట్టుకుని, "పా పాపా, బస్సుకు టైమయింది" అన్నాడు.

పేరు కోసం పోట్లాడలేదు. ఇంకో పేరు రాయించుకోవచ్చన్నారు, కానీ కొత్త పేరు బొంబాయిలో ఎవరికి తెలుసు? పాత పేరుకు తంతులు కొడుతున్న వాళ్ళందరూ మా నాయనకే కొడుతున్నామనుకుంటున్నారు. అమ్మ సగం, నాయన సగం కలిసిన మాట మీద వాళ్ళిద్దరినీ మోసం చేసినవాడు సరుకు అమ్ముకున్నాడు. ఆ ఏడే ఆదోని దుకాణం మూసేశాం. నాయన మా ఊళ్ళోనే చిన్నగా గుడ్డల అంగడి పెట్టుకున్నాడు, అమావాస్య నాడు కూడా తెరిచేవాడు. మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఉగ్గాని చేయమని అడగలేదు.

అక్క దగ్గరికి పోయిన అమ్మ అంతా చెప్పింది. అక్క గోడ వైపు తిరిగి పడుకుని, "సరేలేమ్మా" అందట. అంతే. తంతి అందలేదు అన్నది ఆ రోజుల్లో లోకంలో అందరూ ఆడే అబద్ధం. పెళ్ళికి రాని చుట్టం అదే అనేవాడు, చావుకు రాని కొడుకు కూడా అదే అనేవాడు. మాకు నిజంగానే అందలేదు. మా నిజం కూడా ఆ మాటల్లోనే చెప్పుకోవాల్సి వచ్చింది. నాయన ఆ రెండు తంతులు తీసుకుపోయి అక్క చేతిలో పెట్టాడు. వాటి మీద అందిన తేదీ చక్కగా ముద్ర వేసి ఉంది. అక్క చూసి తిరిగి ఇచ్చేసింది. నమ్మలేదని అనను. నమ్మింది, కానీ ఆస్పత్రిలో ప్రతి బండికీ అడిగిన మనిషికి ఆ నమ్మకం ఏ మూలకు? రెండో కాన్పుకు మాకు చెప్పలేదు. బిడ్డ పుట్టాక కార్డు వచ్చింది. అడపాదడపా వచ్చిపోయేది, పిల్లను చూపించేది. అమ్మ పక్కన కూర్చున్నా ఏదో పని ఉన్నట్టు లేచిపోయేది.

ఎనభైల చివర్లో మా ఇంటికి ఫోను వచ్చింది. నంబరు అక్కకు కార్డు మీద రాసి పంపాను. చాలా రోజులు మోగలేదు. ఒక పొద్దున మోగింది. నేనే ఎత్తాను. గరగరమనే శబ్దం, దాని వెనక అక్క గొంతు.

"ఇది యాడ మోగింది?" అంది. బాగున్నారా అని కాదు, నువ్వెవరు అని కాదు.

"మనింట్లోనే అక్కా. నడింట్లో, అమ్మ మంచం పక్కన."

"నిజంగా?"

నేను రిసీవరు అమ్మ చేతికిచ్చాను. అమ్మ దాన్ని తలకిందులుగా పట్టుకుంది. తిప్పి పెట్టాను. షోలాపూరు ఎంత దూరమో అంత గట్టిగా అరిచింది.

"ఈడనే ఉన్నా తల్లీ. ఆ పొద్దు కూడా ఈడనే ఉంటి, మూట కట్టుకోని."